‘ఓపీ తగ్గింది, ఇక కేంద్రం ఎందుకు?’ అంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ప్రాంతంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఇదివరకు వారానికి ఆరు రోజులు పనిచేసేది. నిధులు లేవంటూ రెండు రోజులకు కుదించారు. రక్తపరీక్షల ల్యాబ్ ఎత్తేశారు. ఇళ్లకు వచ్చే నర్సు రిటైరైతే ఆ పోస్టు మళ్లీ నింపలేదు. అడిగితే ‘పెద్దాసుపత్రి ఉంది కదా, అయినా ఇక్కడికి వచ్చేవాళ్లే తగ్గిపోయారు’ అంటున్నారు. మా అత్తగారికి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. మధ్యమధ్యలో మందులు ఆగిపోతున్నాయి. నాకు టెన్షన్‌గా ఉంది. చుట్టుపక్కలవాళ్లేమో ‘ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదుగా’ అంటున్నారు. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?
– ఒక పాఠకురాలు

జవాబు: లేదమ్మా, మీ భయం సరైనదే. ముందు మీ అత్తగారి సంగతి చూద్దాం.

బీపీ, షుగర్ మందులు ఆగిన వెంటనే ఏమీ తెలియదు. మనిషి మామూలుగానే తిరుగుతారు. ‘తగ్గిపోయిందిలే’ అని కూడా అనుకుంటారు. లోపల కిడ్నీలు, కళ్లు, గుండె దెబ్బతినడం మాత్రం ఆగదు. కొన్ని రకాల బీపీ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే బీపీ ఒక్కసారిగా పెరిగిపోతుంది. అందుకని మాత్రలు అయిపోయే దాకా ఆగకుండా వారం ముందే వెళ్లండి. బీపీ, షుగర్ నిలకడగా ఉంటే ఒకేసారి రెండు మూడు నెలలకు సరిపడా ఇవ్వగలరేమో డాక్టరును అడగండి. మాత్రల పేర్లు, మోతాదు ఒక కాగితం మీద రాసి ఆవిడ దగ్గరే ఉంచండి. ఇన్సులిన్ వాడుతుంటే మాత్రం అది అయిపోయే పరిస్థితి రానివ్వకండి. అయిపోతే కేంద్రం తెరిచే రోజు కోసం చూడకుండా అప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇక ‘ఎవరికీ ఏమీ కాలేదుగా’ అన్న మాట. ఆరోగ్య కేంద్రం బాగా పనిచేసినప్పుడు జరిగేది అదే కదమ్మా, ఎవరికీ ఏమీ కాకపోవడం. పక్షవాతం తప్పించుకున్న మనిషి, తట్టు సోకని బిడ్డ, రక్తహీనత ముందే బయటపడి క్షేమంగా కాన్పైన తల్లి ఏ లెక్కలోనూ కనబడరు. అందుకే డబ్బు తగ్గగానే మొదటి కోత ఇక్కడ పడుతుంది. ఆపరేషన్ థియేటర్‌కు తాళం వేస్తే ఆ రోజే గొడవవుతుంది. ఇళ్లకు తిరిగే నర్సు పోస్టు ఖాళీగా వదిలేస్తే ఎవరూ ధర్నా చేయరు. నష్టం బయటపడటానికి ఏళ్లు పడుతుంది, అప్పటికి కోత పెట్టినవారు ఆ కుర్చీలో ఉండరు.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న పట్టణం ఉంది. జనాభా సుమారు 5,000. ఖర్చు తగ్గించుకునే క్రమంలో 1996లో అక్కడి సర్కారు ల్యాబులు మున్సిపాలిటీల తాగునీటి పరీక్షలు మానేశాయి. పట్టణాలు ప్రైవేటు ల్యాబులకు వెళ్లాయి. నీళ్లలో క్రిములు కనబడితే ఆరోగ్యాధికారికి కూడా చెప్పి తీరాలన్న నిబంధన మాత్రం ఆ ల్యాబులకు పెట్టలేదు. నాలుగేళ్లు ఏమీ కాలేదు. 2000 మే నెలలో భారీ వానలకు పశువుల పేడ కలిసిన నీరు ఒక బావిలోకి చేరింది. క్లోరిన్ చాలినంత కలపలేదు. పరీక్షలో ఈ.కోలి అనే క్రిమి తేలింది. ఆ రిపోర్టు నీటి సరఫరా చూసేవారికే వెళ్లింది, వాళ్లు దాన్ని దాచిపెట్టారు. నీళ్లు కాచి తాగమని ఆరోగ్యాధికారి ప్రకటించేసరికే చాలామంది మంచాన పడ్డారు. ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. విచారణ జరిపిన జస్టిస్ డెనిస్ ఓకానర్ తన 2002 నివేదికలో బడ్జెట్ కోతలను కూడా తప్పుపట్టారు. ల్యాబ్ నేరుగా ఆరోగ్యాధికారికి చెప్పి ఉంటే 300 నుంచి 400 మంది జబ్బు పడకుండా ఉండేవారని తేల్చారు. మీ ల్యాబ్ విషయంలోనూ అడగాల్సింది ఇదే. పరీక్ష ఇకపై ఎక్కడ చేస్తారు అన్నదానితో పాటు, రిపోర్టు తేడాగా వస్తే పేషెంటుకు ఎవరు, ఎప్పుడు చెబుతారు?

న్యూయార్క్‌లో టీబీ విషయంలోనూ ఇలాగే అయింది. 1970ల నుంచి నిధులు తగ్గిస్తూ వచ్చారు. టీబీ మందులు నెలల తరబడి వాడాలి, దగ్గేమో ముందే తగ్గిపోతుంది. ఇంటికొచ్చి అడిగే మనిషి లేకపోతే చాలామంది మధ్యలో మానేస్తారు, దాంతో జబ్బు మందులకు లొంగకుండా తయారవుతుంది. హెచ్ఐవీ, ఉండటానికి ఇల్లు లేకపోవడం కూడా తోడై 1992 నాటికి ఏడాదికి 3,811 కేసులయ్యాయి. అప్పుడు మళ్లీ డబ్బు పెట్టి, మాత్ర మింగేదాకా పక్కనుండి చూసే కార్యకర్తలను నియమించారు. రెండేళ్లలో కేసులు 21 శాతం తగ్గాయి. మందులు కొత్తవేమీ కావు, మనిషి మళ్లీ వచ్చారంతే.

‘వచ్చేవాళ్లు తగ్గారు’ అన్న వాదన వింటే నాకు నిజంగా బాధేస్తుంది. తలుపుకు తాళం చూసి ఒకటి రెండు సార్లు తిరిగి వెళ్లినవాళ్లు మళ్లీ ఎందుకు వస్తారు? డబ్బున్నవారు ప్రైవేటుకు వెళ్తారు. మిగిలేది రోజు కూలి పోగొట్టుకోలేనివారు, ఒంటరిగా బస్సెక్కలేని ముసలివారు, చంటిబిడ్డను వదిలి కదల్లేని తల్లులు. వాళ్లు ఫిర్యాదు చేయరు, ఊరికే రావడం మానేస్తారు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే తక్కువ అందుతుందని జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లోనే రాశారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల పల్లెలో పనిచేసిన ఆయన, జబ్బుతో వచ్చినవారికే పరిమితం కాకుండా తన పరిధిలోని పెద్దలందరి బీపీ చూసేవారు.

సర్వీసులో ఉండగా నేనూ ఏ కేంద్రానికి వెళ్లినా ఓపీ అంకె కంటే ముందు ఫాలోఅప్ రిజిస్టర్ తెరిచేదాన్ని. ఒక పేరుకు ఎదురుగా వరసగా టిక్కులుంటాయి. ఉన్నట్టుండి ఒక నెల నుంచి గడులు ఖాళీ. ఆ మనిషికి తగ్గిపోయిందా, ఊరు మారారా, మందు మానేశారా? తట్టు టీకా రెండో డోసుకు రాని పిల్లలెవరు? తట్టు వ్యాపించకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి. ఓపీ అంకె వచ్చినవారి గురించే చెబుతుంది. రానివారి గురించి ఆ ఖాళీ గడులే చెబుతాయి.

మీరు చేయగలిగింది ఉంది. నలుగురు కలిసి రాతపూర్వకంగా అడగండి. ‘అన్నీ మళ్లీ తెరవండి’ అంటే ‘చూస్తాం’ అని పంపేస్తారు. పనులు విడివిడిగా పేర్కొనండి. కేంద్రం తెరిచే రోజులు, వేళలు బోర్డు మీద రాయాలి. ఆ రోజుల్లో రక్తం అక్కడే తీసి పెద్దాసుపత్రి ల్యాబుకు పంపాలి, ముసలావిడ అంతదూరం వెళ్లే బదులు చిన్న సీసా వెళ్తే సరిపోతుంది. నర్సు పోస్టు ఏ తేదీలోగా నింపుతారో చెప్పాలి. దాంతోపాటు ఒక నోట్‌బుక్ పెట్టి, ఎవరైనా పని కాక తిరిగి వస్తే తేదీ, దేనికోసం వెళ్లారు, ఏం చెప్పి పంపారు అన్నది రాయండి. పేర్లు మాత్రం వద్దు. టీబీ, హెచ్ఐవీ లాంటి విషయాలు నలుగురి నోళ్లలో పడితే ఆ కుటుంబం తట్టుకోలేదు.

ప్రశ్న: నేను నర్సుని. పక్క పోస్టు ఖాళీ అవడంతో ఇద్దరి పని ఒక్కదాన్నే చేస్తున్నాను. ఏ పని వదిలేయాలి మేడమ్?

జవాబు: ఆ నిర్ణయం మీ ఒక్కరి నెత్తిన పెట్టకూడదమ్మా, పై అధికారి చేత రాతలో చెప్పించుకోండి. నన్నడిగితే టీకాలు, గర్భిణుల చెకప్‌లు, టీబీ పేషెంట్ల ఫాలోఅప్ వదలకండి. ఒకే సమాచారాన్ని మూడు ఫారాల్లో నింపమంటే, ఒక్కటి చాలదా అని అడగండి. ఎంత ఒత్తిడి వచ్చినా వెళ్లని ఇంటికి వెళ్లినట్టు రాయకండి. రిపోర్టులో అన్నీ పూర్తయినట్టు కనబడితే రెండో పోస్టు అక్కర్లేదని తేల్చేస్తారు. ‘సిబ్బంది లేక ఈ ఇళ్లకు వెళ్లలేదు’ అని ప్రతి నెలా రాసి, ఆ కాపీ మీ దగ్గర ఉంచుకోండి.