కుక్క నోటి మెలనోమాకి వ్యాక్సిన్ కోసం ఆగొచ్చా?

శ్రీకాకుళంలో ఉన్న మీ పదేళ్ల లాబ్రడార్‌కి పంటి చిగుళ్ల మీద నల్లటి గడ్డ లేచింది, పరీక్షలో మెలనోమా (ఒంటికి నలుపు రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) అని తేలింది. అమెరికాలో దీనికి వ్యాక్సిన్ ఉందట, అది తెప్పించుకునే దాకా ఆపరేషన్ ఆపొచ్చా అని అడిగారు. ఆపొద్దండి. మా కుక్క జిమ్మీకి ఇదే జబ్బు వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

జిమ్మీ నీళ్లు తాగిన గిన్నెలో సన్నగా నెత్తురు కనపడేది. ఒక పక్కనే నమిలేది, నోరు దగ్గరికి వస్తే భరించలేని వాసన. గరివిడి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరుగారు సూదితో గడ్డలోంచి కొంచెం లాగి గాజుపలక మీద వేశారు. రంగు కలపకముందే అది నల్లగా ఉంది. ఆయన వెంటనే దవడ కింది లింఫ్ కణుపులు తడిమి, వాటిలోంచి కూడా సూదితో తీసి, ఛాతీకి ఎక్స్‌రే రాశారు. ఈ మూడూ అయ్యాకే వైద్యం గురించి మాట్లాడదాం అన్నారు. మీరూ ముందు ఇవి చేయించండి. గడ్డ 2 సెంటీమీటర్ల లోపుంటే మొదటి దశ, 2 నుంచి 4 ఉంటే రెండో దశ. అంతకు మించినా, కణుపులకి పాకినా మూడు. ఊపిరితిత్తుల దాకా వెళ్తే నాలుగు. వ్యాక్సిన్ మాట కూడా ఈ లెక్క తేలాకే.

మీరు చదివిన వ్యాక్సిన్ పేరు ఆన్‌సెప్ట్. అమెరికాలో 2007లో షరతులతోనూ, 2010లో పూర్తిగానూ లైసెన్స్ వచ్చింది. మెలనోమా కణాల్లో టైరోసినేజ్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది కుక్క సొంత ప్రొటీనే కాబట్టి దాని రోగనిరోధక వ్యవస్థ పట్టించుకోదు. అందుకని మనిషి టైరోసినేజ్ తయారుచేసే డీఎన్‌ఏని కుక్క ఒంట్లోకి ఎక్కిస్తారు. అది కొంచెం తేడాగా ఉంటుంది గనక ఒళ్లు దాని మీద తిరగబడుతుంది, ఆ ఊపులో కుక్క సొంత మెలనోమా కణాలనూ పట్టుకోవాలన్నది ఆశ. రెండు వారాలకొకటి చొప్పున నాలుగు డోసులు, తర్వాత ఆరు నెలలకోసారి బూస్టరు. మీరు గమనించాల్సింది ఏంటంటే, ఆ లైసెన్స్ ఇచ్చింది రెండు, మూడు దశల్లో ఉండి, నోట్లో గడ్డను ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో అదుపులోకి తెచ్చిన కుక్కలకి. అంటే అది ఆపరేషన్‌కి బదులు వచ్చేది కాదు, ఆపరేషన్ తర్వాత మిగిలిన కణాల కోసం. పైగా మొదట్లో ఫలితాలు బాగా కనిపించినా, తర్వాత వచ్చిన కొన్ని పరిశీలనల్లో వ్యాక్సిన్ వేసిన కుక్కలకీ వేయని వాటికీ ఆయుష్షులో పెద్ద తేడా తేలలేదు.

రెండోది గిల్వెట్‌మాబ్, ఇది వ్యాక్సిన్ కాదు, యాంటీబాడీ మందు. 2023లో అమెరికాలో మెలనోమాకీ, మాస్ట్ సెల్ ట్యూమర్ అనే ఇంకో రకం క్యాన్సర్‌కీ షరతులతో అనుమతి వచ్చింది. ఒంట్లో క్యాన్సర్‌తో పోరాడే టీ కణాలకి పీడీ-1 అనే ముకుతాడు ఉంటుంది. క్యాన్సర్ దాన్ని పట్టుకుని వాటిని లొంగదీస్తుంది. ఈ మందు ఆ పట్టు విడిపిస్తుంది. మనుషులకి వాడే ఇలాంటి మందులే కుక్కకి ఎక్కిస్తే సరిపోదా అని నేనూ అడిగాను. మనిషి యాంటీబాడీని కుక్క ఒళ్లు పరాయిదిగా చూసి పాడుచేస్తుందట, అందుకే కుక్కకి తగ్గట్టు మళ్లీ తయారు చేయాల్సి వచ్చింది.

జిమ్మీ అప్పుడు ఈ రెండూ ఇక్కడ దొరకవని డాక్టరుగారు తేల్చి చెప్పారు. విశాఖలో ఆపరేషన్ చేయించాం. గడ్డతో పాటు కింది దవడ ఎముక కొంత తీసేశారు. మొదట్లో చూడటానికి మనకే కష్టం. నాలుక ఒక పక్కకి జారుతుంది, చొంగ కారుతుంది. కానీ మెత్తగా పిసికిన అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి చేతితో పెడితే కొన్నాళ్లకే తినడం నేర్చుకుంది. ఏడాది పైనే హాయిగా తిరిగింది, చివరికి ఊపిరితిత్తులకి పాకి పోయింది. ఆ ఏడాది ఆపరేషన్ వల్లే దక్కిందని నా గట్టి నమ్మకం.

వ్యాక్సిన్ అనగానే రాజాం దగ్గర మా నాన్న పెంచిన ఆవు గుర్తొస్తుంది. దాని మెడ నిండా పులిపిర్లు. పశువుల డాక్టరు వాటిలో కొన్ని కోసి, నూరి, సెలైన్‌లో కలిపి వడగట్టి, ఫార్మలిన్ వేసి మళ్లీ ఆ ఆవుకే చర్మం కింద ఇచ్చారు. కొన్ని వారాల్లో ఎండి రాలిపోయాయి. పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, వాటంతటవే రాలడం కూడా మామూలే. కాబట్టి దీన్ని చూసి ‘మా కుక్క గడ్డతోనే మందు చేయండి’ అని ఎవరినీ ఒత్తిడి చేయకండి. మెలనోమా అంత తేలికైన శత్రువు కాదు.

ఇంకో మాట కోపంతోనే చెబుతున్నాను. క్యాన్సర్ అని తెలియగానే ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులూ టానిక్కులూ అమ్మేవాళ్లు ఎక్కడి నుంచో దిగిపోతారు. పైన చెప్పిన ఆన్‌సెప్ట్, గిల్వెట్‌మాబ్ ఒక్కోటి ఒకే లక్ష్యం మీద గురిపెట్టిన మందులు. ఈ పొడులకీ వాటికీ సంబంధం లేదు. ఆ డబ్బు ఆపరేషన్‌కి దాచుకోండి. నొప్పికి ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్ లాంటివి మాత్రం వేయకండి, కుక్కల కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టరు రాసిన మందే వేయండి.

ఇది చదివే ఊరకుక్కల ప్రేమికులకి కూడా: మర్మాంగాల దగ్గర నెత్తురు కారే గడ్డ కనిపిస్తే అది చాలావరకు టీవీటీ, అంటే కలయికలో ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకునే క్యాన్సర్ గడ్డ. వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టీన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్‌తో ఎక్కువ కుక్కలకి నయమైపోతుంది. దానికి ఏ విదేశీ వ్యాక్సినూ అక్కర్లేదు.

గరివిడి వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టు ఒరిజినల్, స్లైడు ఉంటే అదీ పట్టుకెళ్లండి. ఉదయమే వెళ్లండి. గడ్డ సైజు, కణుపుల సంగతి తెలిశాక రాయండి. దవడ ఆపరేషన్ తర్వాత జిమ్మీకి ఏం పెట్టామో, పుండు ఎలా కడిగామో పూర్తిగా చెబుతాను.