టెక్ సందేహాలు: చిల్లర్ బిల్లుకు స్మార్ట్ ప్లగ్ మందు కాదు

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంట్లో 200 లీటర్ల రీఫ్ అక్వేరియం (పగడాలు, ఉప్పునీటి చేపలు పెంచే ట్యాంకు) ఉంది. నీటిని చల్లబరిచే 300 వాట్ల చిల్లర్, నీటిని తిరిగి ట్యాంకులోకి తోసే 55 వాట్ల రిటర్న్ పంపు, నీటిలో అలలు పుట్టించే 15 వాట్ల వేవ్‌మేకర్లు రెండు, 120 వాట్ల ఎల్‌ఈడీ లైటు నడుస్తాయి. ఎండలు మొదలయ్యాక కరెంటు బిల్లు రెట్టింపైంది. ఫోన్ నుంచి ఆన్-ఆఫ్ చేసే వైఫై స్మార్ట్ ప్లగ్‌లు పెట్టి రాత్రిపూట పంపు ఆపేస్తే తగ్గుతుందని షాపులో చెప్పారు. ఏది కొనమంటారు?

జవాబు: ఏదీ కొనొద్దు. రాత్రి పంపు అసలే ఆపొద్దు. ఈ వేసవిలో ఇదే సలహా విని నాకు రాసినవాళ్లలో మీరు నాలుగోవారు. లైటు ఆరితే పగడాల్లోని ఆల్గే ఆక్సిజన్ తయారుచేయడం మానేస్తుంది. చేపలు, పగడాలు, రాళ్లలోని బ్యాక్టీరియా మాత్రం రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. నీళ్లు కదలాల్సింది అప్పుడే. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పకపోవడం నాకు చాలా కోపం తెప్పిస్తోంది.

ముందు లెక్క చూద్దాం. చిల్లర్ రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు 126 యూనిట్లు. పంపు 40, లైటు 11 గంటలు వెలిగితే మరో 40, వేవ్‌మేకర్లు 22 దాకా. ఇల్లంతా వాడుకున్నదానిపైన ఇది పడుతుంది. నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే స్లాబు రేటు మారే లెక్క మనది. కాబట్టి మీరు తగ్గించే ప్రతి యూనిట్ ఖరీదైన యూనిటే.

తగ్గించాల్సింది చిల్లర్ దగ్గర. 25 డిగ్రీలకు పెట్టి ఉంటే 26.5కు మార్చండి, పగడాలకు ఇబ్బంది ఉండదు. చిల్లర్‌ను స్టాండు కింద తలుపులేసి పెట్టారా? అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. బయటికి తీయండి. ఆపైన నీటి మీదుగా గాలి తోలేలా రెండు చిన్న ఫ్యాన్లు పెట్టండి. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతాయి. వరంగల్ ఏప్రిల్ ఎండలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా పనిచేస్తాయి. జూలైలో కూలర్ ఎందుకు చల్లబరచదో, అప్పుడు ఈ ఫ్యాన్లూ అందుకే చల్లబరచవు. అదే హాల్లో కిటికీలు మూసి కూలర్ నడిపినా అంతే. ఆవిరైన నీటికి బదులు ఆర్వో నీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం పెరుగుతుంది.

పంపు తినే కరెంటులో దాదాపు అంతా చివరికి ట్యాంకు నీటిలో వేడే అవుతుంది, దాన్ని మళ్లీ చిల్లర్ తీయాలి. 25 వాట్ల డీసీ పంపుకు మారితే 22 యూనిట్లు నేరుగా మిగులుతాయి, చిల్లర్ పనీ తగ్గుతుంది. లైటు 9 గంటలు చాలు.

ఇక ప్లగ్ సంగతి. కాజీపేట నుంచి ఒక టీచరమ్మ రాశారు. గాలిదుమారానికి 20 నిమిషాలు కరెంటు పోయి వచ్చింది. అన్నీ ఆన్ అయ్యాయి, ప్లగ్ మాత్రం ఆఫ్‌లోనే ఉండిపోయింది. ఆమె స్కూలు నుంచి వచ్చేసరికి క్లౌన్‌ఫిష్ రెండూ చచ్చిపోయి ఉన్నాయి. కరెంటు తిరిగి వస్తే ఏం చేయాలో సెట్టింగ్ ఉంటుంది, కానీ యాప్‌లో నాలుగు పేజీల లోపల. ప్రాణం ఆధారపడే చోట వాడే వస్తువుకు ఆ డిజైన్ క్షమించరానిది. నెట్ పోతే టైమర్ కూడా పనిచేయని ప్లగ్‌లు ఇంకా అమ్ముతున్నారు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇది కూడా కాదు. 2017లో ఉత్తర అమెరికాలోని ఒక క్యాసినోలో నెట్‌కు కలిపిన చేపల ట్యాంకు సెన్సర్ల ద్వారా దొంగలు లోపలికి చొరబడ్డారు. సుమారు 10 జీబీ డేటా ఫిన్లాండ్‌లోని ఒక పరికరానికి వెళ్లిపోయింది. మీ ఇంట్లో ట్యాంకు పరికరాలను నడిపే వైఫై కంట్రోలర్, బ్యాంకు యాప్ ఉన్న ఫోను, ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకే వైఫైలో ఉంటాయి. కంట్రోలర్‌కు డబ్బాతో వచ్చిన పాస్‌వర్డే ఉంటుంది. ఊరికెళ్లినప్పుడు టెంపరేచర్ చూసుకోవాలని రౌటర్‌లో పోర్టు (బయటి నెట్ నుంచి లోపలికి వచ్చే దారి) తెరుస్తారు, మూయడం మరిచిపోతారు. అలా తెరిచి ఉన్న పోర్టులను వెతికే ప్రోగ్రాములు రాత్రీ పగలూ నెట్‌లో తిరుగుతూనే ఉంటాయి.

చిల్లర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి. ఫ్యాన్లకు నీటి వేడిని బట్టి ఆన్-ఆఫ్ చేసే, నెట్ అక్కర్లేని థర్మోస్టాట్ కంట్రోలర్ చాలు. వైఫై కంట్రోలర్ ఇప్పటికే ఉంటే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల నుంచి వేరుగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌లోకి మార్చి, పాస్‌వర్డ్ కొత్తది పెట్టండి. ఇవాళే రౌటర్ పేజీ తెరిచి తెరిచిన పోర్టుల జాబితా ఉండే పోర్ట్ ఫార్వర్డింగ్‌లో మీరు మూయడం మరిచినదైనా, మీరు పెట్టనిదైనా ఎంట్రీ కనిపిస్తే తీసేయండి, పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకోనిచ్చే యూపీఎన్‌పీ ఆపేయండి.