సెన్సార్ రెండుసార్లు మార్చినా పి0118 కోడ్ పోవట్లేదా? ఈసీఎం జోలికి వెళ్లే ముందు వైరు చూడండి

మీది విజయనగరం, డీజిల్ కారు. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కాన్ చేయించారు, పి0118 (కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ సర్క్యూట్ హై) అనే లోపం కోడ్ వచ్చింది. కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ రెండుసార్లు మార్చినా లైటు పోలేదు, రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది, ఇప్పుడు ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, మార్చాలంటున్నారని రాశారు. దయచేసి ఒక్క ఆదివారం ఆగండి. రెండేళ్ల కిందట నాకూ అచ్చం ఇదే జరిగింది. మా ఇల్లు శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నం వైపు.

ఆ కోడ్ వివరంలో 'హై' అని చూసి ఇంజిన్ వేడెక్కిపోతోందని నేను చాలా టెన్షన్ పడ్డాను. అక్కడ హై అన్నది వేడి గురించి కాదు, వోల్టేజీ గురించి. ఈసీఎం ఆ సెన్సార్‌కి ఒక వైరులో 5 వోల్టులు పంపుతుంది, రెండో వైరు ఎర్త్. సెన్సార్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, దాంతో వోల్టేజీ దిగుతుంది. చాలా బళ్లలో 25 డిగ్రీల దగ్గర రెండు మూడు కిలో ఓములు ఉంటుంది, 80 దాటాక మూడు వందల ఓములకు అటూ ఇటూ. వైరు ఎక్కడైనా తెగితే ఆ 5 వోల్టులు దిగే దారే ఉండదు. ఈసీఎంకి అది గడ్డకట్టే చలిలా కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం నా ఫోన్‌లో కూలెంట్ మైనస్ 40 డిగ్రీలని చూపించింది! ఆ లెక్కను నమ్మలేకే చాలా బళ్లలో ఈసీఎం ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పుతుంది.

నాకూ సెన్సార్ మార్చారు, తర్వాత ఈసీఎం అన్నారు. అంత డబ్బు పెట్టే ముందు చూద్దామని ఈసీఎం లెక్కలు ఫోన్‌లో చూపించే ఒక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, మామూలు డిజిటల్ మీటరు కొన్నాను. కీ ఆపి, సెన్సార్‌కి వైర్లు తగిలించే కప్లర్ పీకి, వైర్ల వైపున్న రెండు పిన్నులనూ చిన్న వైరు ముక్కతో కలిపాను. మా బావ ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. వైరింగ్ బాగుంటే అంకె ఒక్కసారిగా 120 పైకి ఎగరాలి. "ఇంకా మైనస్ నలభైయే బావా" అన్నాడు. అంటే సెన్సార్ తప్పు కాదు. కొత్త సెన్సార్ కొన్న డబ్బులు వృథా అయ్యాయని అప్పుడు తెలిసింది.

తర్వాత ఆ వైరు ముక్క తీసేసి, కీ ఆన్‌లోనే ఉంచి మీటరు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఎర్ర ప్రోబ్ కప్లర్ పిన్ను మీద, నల్లది బ్యాటరీ మైనస్ మీద పెట్టాను. ఒక పిన్ను 4.97 చూపించింది, రెండోది సున్నా. సున్నా వచ్చింది కదా, ఎర్త్ బాగుందనుకోకూడదు, తెగిన వైరు కూడా సున్నాయే చూపిస్తుంది. ఎర్ర ప్రోబ్‌ని 4.97 వచ్చిన పిన్ను మీద ఉంచి, నల్ల ప్రోబ్‌ని బ్యాటరీ మీంచి తీసి ఆ రెండో పిన్ను మీద పెట్టాను. 5 వోల్టులు రావాల్సిన చోట ఏమీ రాలేదు. తెగింది ఎర్త్ వైరే.

వేరే సెన్సార్ల కోడ్‌లు ఏవీ లేవు. ఆ ఎర్త్ అన్నిటికీ కలిపి వెళ్లేదే కాబట్టి, తెగింది ఈ సెన్సార్ కొమ్మలోనే అని అర్థమైంది. టేపు విప్పుకుంటూ వెళ్తే, బ్రాకెట్‌కి క్లిప్పు వేసిన చోట వైరు మెత్తగా తగిలింది. పైన తొడుగు మీద గోరు గీతంత గాటు, అంతే. ఒలిస్తే లోపల రాగి లేదు, పచ్చటి చిలుము పొడి రాలింది. సముద్రపు గాలిలోని ఉప్పుతేమ ఆ గాటులోంచే దిగింది. ఎర్రటి రాగి తళతళలాడే దాకా రెండు వైపులా కత్తిరించి, కొత్త ముక్క సోల్డర్ వేయించి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగించాను. కోడ్ చెరిపాక మళ్లీ రాలేదు. మీరు రోజూ పూసపాటిరేగ మీదుగా చింతపల్లి తీరానికి వెళ్లొస్తామన్నారు కాబట్టి నాకు మీ బండిలోనూ ఇదే అనుమానం.

కొన్ని జాగ్రత్తలు. పిన్నులు కలిపే పరీక్ష రెండు వైర్ల టెంపరేచర్ సెన్సార్‌కే. మూడు వైర్ల ప్రెషర్ సెన్సార్లకు చేస్తే 5 వోల్టుల సప్లై షార్ట్ అయ్యి, మిగతా సెన్సార్లు కూడా పడిపోవచ్చు. 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు ఈ వైర్ల మీద అసలు పెట్టనివ్వకండి, దాంతో నిజంగానే ఈసీఎం పోగొట్టుకోవచ్చు. కీ ఆన్ చేయగానే ఫ్యాన్ తిరగొచ్చు, చేతులూ కండువా దూరంగా ఉంచండి.

ఒకవేళ మీ బండిలో పిన్నులు కలపగానే అంకె పైకి ఎగిరితే వైరింగ్ బాగున్నట్టే. అప్పుడు కప్లర్ లోపలి పిన్నులు వదులయ్యాయేమో చూడండి, రెండుసార్లు పీకి పెట్టారు కదా. కలిపాక ఎంత చూపించిందో, రెండు పిన్నుల మధ్య ఎన్ని వోల్టులు వచ్చాయో ఇక్కడ రాయండి, తర్వాత ఎక్కడ వెతకాలో చెప్తాను.