కోర్సు మొదలుపెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

వికేంద్రీకృత సైన్స్ (పరిశోధనల డేటా, నిధులు కొద్దిమంది గుప్పిట్లో ఉండకుండా చూసే పద్ధతి) మీద నువ్వు చెప్పబోయే కోర్సు సిలబస్ చదివాను. మొదటి నాలుగు వారాలూ బ్లాక్‌చెయిన్‌కే, అంటే చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే, రాసింది మార్చడం కష్టమయ్యే ఆ పద్దుపుస్తకానికే ఇచ్చేశావు. వాటిని వెనక్కి జరుపు. ముందు సైన్స్‌కి ఉన్న జబ్బేమిటో చెప్పు. 2015లో సైకాలజీలో 100 ప్రయోగాలు మళ్లీ చేసి చూస్తే, దాదాపు 36 శాతమే గణాంకాల పరీక్షకు నిలిచాయి. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. డేటా దాచుకోవడం, విఫలమైన ప్రయోగాలు అచ్చుకాకపోవడం, నిధులు కొద్దిమంది చేతుల్లోనే ఉండటం తెలిశాక, వికేంద్రీకరణ దేనికని పిల్లలే అడుగుతారు.

హ్యాష్ (ఫైలుకి వేలిముద్రలాంటి సంకేతం) మాత్రం వాళ్ల చేత చేయించు. ప్రయోగం రీడింగులున్న ఫైలు ఇచ్చి ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో హ్యాష్ తీయించు. 64 అక్షరాలు వస్తాయి. ఒక్క కామా చెరిపి మళ్లీ తీయమను, మొత్తం మారిపోతుంది. అందరూ ముచ్చటపడతారు. వెంటనే తప్పుడు రీడింగులున్న ఫైలు ఇవ్వు. దానికీ అంతే చక్కగా హ్యాష్ వస్తుంది! చెయిన్ మీదకెక్కింది మారలేదని చెప్పగలం, అది నిజమని చెప్పలేం. ఈ ఒక్క సంగతికి ఒక క్లాసంతా పోయినా పరవాలేదు.

డిజిటల్ పత్రం ఎప్పటిదో రుజువు చేసే టైమ్‌స్టాంప్ మీద హేబర్, స్టోర్నెట్టా అనే పరిశోధకులు 1991లో రాసిన వ్యాసం కూడా చదివించు. తర్వాత వాళ్ల కంపెనీ హ్యాష్‌లను న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటనగా వేసేది. పత్రికలో ప్రకటనతో జరిగే పనికి బ్లాక్‌చెయిన్ ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ చర్చను ఆపకు.

వీటాడావో అనే ఆన్‌లైన్ సంఘంలో టోకెన్లు (బ్లాక్‌చెయిన్ మీద కొనుక్కునే, ఓటుహక్కునిచ్చే డిజిటల్ నాణేలు) ఉన్నవాళ్లు ఓటేసి ఆయుష్షు పరిశోధనలకు నిధులిస్తారు. టోకెన్లు ఎక్కువున్నవాడి మాటే చెల్లితే కేంద్రీకరణ పోయినట్టేనా అని అడుగు. ప్రాక్టికల్స్ అన్నీ టెస్ట్‌నెట్‌లోనే, అంటే అసలు డబ్బు లేని సాధన చెయిన్‌లోనే. ఎవరిచేతా టోకెన్ కొనిపించకు.

ఇక మూల్యాంకనం. నాకు బెంగంతా ఇక్కడే. చివరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారంలో అందరూ బాగుందనే రాస్తారు. దాన్నిబట్టి వాళ్లేం నేర్చుకున్నారో తెలియదు. మొదటిరోజే ఒక సమస్య ఇవ్వు: రోగుల వివరాలను పబ్లిక్ చెయిన్‌లో (ఎవరైనా చూడగలిగే బ్లాక్‌చెయిన్‌లో) పెడతామని ఒక ఆసుపత్రి అంటోంది, మీ సలహా ఏమిటి? చివర్లో మళ్లీ అదే అడుగు. ఒకసారి పెట్టింది చెరపలేమని, ఇక్కడ మామూలు డేటాబేసే మేలని కారణాలతో రాసినవాళ్లకు పూర్తి మార్కులు పడాలి. జవాబుల మీద పేర్లు, తేదీలు తీసేసి ఇద్దరి చేత విడివిడిగా దిద్దించు. వాళ్లిద్దరి మార్కులకూ పొంతన లేకపోతే, ముందు నీ మార్కుల పద్ధతినే సరిచూసుకో. మూడు నెలలాగి అలాంటిదే మరో సమస్య ఇవ్వు. మధ్యలో మానేసినవాళ్లకు ఫోన్ చేసి కారణం కనుక్కో, ఆ పని వేరేవాళ్లకు అప్పజెప్పకు.

ఆ ప్రశ్నపత్రం రాయగానే నాకు పంపు, చూసి పెడతాను.