మేనేజర్లకు నేర్పాలంటే ముందు నలుగురిలో మెలగాలి

ప్రశ్న: మా అమ్మాయి బీబీఏ చివరి సంవత్సరం చదువుతోంది. రకరకాల ప్రాంతాల, మతాల ఉద్యోగులతో ఎలా మెలగాలో మేనేజర్లకు నేర్పే ‘డైవర్సిటీ’ ఆన్‌లైన్ డిప్లొమా చేస్తానంటోంది. అది మంచిదా, హెచ్‌ఆర్ (ఉద్యోగుల వ్యవహారాలు) ఎంబీఏ మంచిదా? ఇంటర్ నుంచీ మనవాళ్ల హాస్టల్లోనే ఉంది. బిడియం ఎక్కువ, తెలుగువాళ్లతో తప్ప కలవదు. బయట నెగ్గుకురాగలదా?
– ఒక తండ్రి, గుంటూరు

మీ అసలు దిగులు ఆ చివరి వాక్యమే. కోర్సు సంగతి ముందు చెప్పేస్తాను: హెచ్‌ఆర్ ఎంబీఏ చేయించండి. జీతాలు, కార్మిక చట్టాలు, పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం తెలిసినవారు ప్రతి కంపెనీకీ కావాలి.

ఉత్త డైవర్సిటీ డిప్లొమా మీద నాకు నమ్మకం లేదు. 2018 మే 29న కాఫీ దుకాణాల సంస్థ స్టార్‌బక్స్ అమెరికాలో 8,000కు పైగా దుకాణాలను ఒక మధ్యాహ్నం మూసి, జాతి వివక్షపై సిబ్బందికి శిక్షణ ఇచ్చింది. ఒక పూట పాఠంతో అలవాట్లు మారతాయా? ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అక్కడి కంపెనీల సమాచారాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. నిర్బంధ శిక్షణతో ఒరిగేది తక్కువని, మేనేజర్ స్వయంగా ఒక ఉద్యోగికి అండగా నిలిచి ఎదగనిచ్చినప్పుడు మార్పు కనిపిస్తుందని తేల్చారు. పైగా 2025 జనవరిలో అమెరికా కేంద్ర ప్రభుత్వం తన శాఖల్లో డైవర్సిటీ కార్యక్రమాలను రద్దు చేసింది. కొన్ని పెద్ద కంపెనీలూ వెనక్కి తగ్గాయి. అప్పు చేసి మరీ ఈ డిప్లొమా కొనకండి.

అందరితో మెలిగే నేర్పు అవసరమన్నది మాత్రం నిజం. హైదరాబాద్ ఆఫీసుల్లో తరచూ జరిగేదే చూడండి. మీటింగ్ ఇంగ్లీషులో మొదలవుతుంది. పది నిమిషాలకు మేనేజర్ తెలుగులోకి దిగుతాడు. మణిపూర్‌లోని ఇంఫాల్ నుంచి వచ్చిన, తెలుగు రాని అమ్మాయి తల వంచి ల్యాప్‌టాప్ చూస్తూ కూర్చుంటుంది. నిర్ణయం అయిపోతుంది. వారం తర్వాత ‘చెప్పింది చేయలేదు’ అని ఆమె మీదే ఫిర్యాదు! శుక్రవారం నమాజు వేళకే సమీక్ష పెట్టేవారూ ఉన్నారు. దురుద్దేశం ఉండదు, పక్కవారి బతుకు తెలియదు, అంతే. ఇలాంటివి గమనించి మేనేజర్‌కు సున్నితంగా చెప్పగల మనిషి ఏ టీముకైనా కావాలి. బిడియస్తులు ఈ పని బాగా చేస్తారు. ఎదుటివారు చెప్పేది వింటారు కదా! కాబట్టి మీ అమ్మాయి గురించి బెంగ వద్దు.

ఇక మీ సంగతి. ఇంటర్ నుంచీ మనవాళ్ల హాస్టల్లోనే ఉంచి, ఇప్పుడు ‘తెలుగువాళ్లతో తప్ప కలవదు’ అంటే ఎలా? ఆ లోటు మీరు పెంచిందే. పీజీకి వేరే రాష్ట్రం పంపండి. వేసవిలో పుణెలోనో బెంగళూరులోనో ఇంటర్న్‌షిప్ దొరికితే అడ్డు చెప్పకండి. అక్కడ రూమ్మేట్ ఎవరి పిల్ల, ఏ కులమని ఫోనులో ఆరా తీయకండి.