ఉంగరపు వేలు పొడవైతే ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తుందా? మా నాన్న చెయ్యి చూశాక చెబుతున్నాను

మీకు 42 ఏళ్లని, చూపుడు వేలి కంటే ఉంగరపు వేలు పొడవని, అలా ఉంటే ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ వస్తుందన్న వీడియో చూసిన రోజు నుంచి నిద్ర పట్టడం లేదని రాశారు. ముందు మా నాన్న కుడిచెయ్యి సంగతి వినండి. ఆయనకు చూపుడు వేలే పొడవు. ఆ వీడియో లెక్కన భయం లేని చెయ్యి. 68వ ఏట ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడింది.

మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి దగ్గర పల్లె. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో మూత్రం తేడా చేస్తే అందరికీ ముందు గుర్తొచ్చేది కిడ్నీయే. ఇంటికొకరిని పోగొట్టుకున్న వీధులు మావి. నాన్న రాత్రి నాలుగైదుసార్లు లేచేవాడు, ధార సన్నగా, ఆగి ఆగి వచ్చేది. పరుగున వెళ్లి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాం, బాగానే ఉంది. "ఏటీ నేదురా, వయిసయిపోనాది గదా, ఇలగే ఉంటాది" అన్నాడు. కిడ్నీలు బాగున్నాయన్న సంతోషంలో మేమూ వదిలేశాం. ఏడాదిన్నర తర్వాత నడుం నొప్పి మొదలైంది. కొబ్బరికాయల బస్తాలు మోసిన నడుము కదా అనుకున్నాం. చివరికి విశాఖలో ఒక యూరాలజిస్టు (మూత్ర సమస్యల డాక్టరు) పీఎస్‌ఏ రక్తపరీక్ష రాశారు, ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్ రక్తంలో ఎంతుందో చూసేది. 4 లోపు ఉండాలంటారు, నాన్నకు 86. చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలో ఖాయమైంది. అప్పటికే ఎముకలకు పాకింది. ఆ ఏడాదిన్నర గుర్తొస్తే నాకిప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఇక వేళ్ల విషయం. అది పుట్టించిన మాట కాదు. బ్రిటన్‌లో 1994 నుంచి 2009 వరకు 1,524 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులను, 3,044 మంది ఆ జబ్బు లేనివాళ్లను పోల్చి చూశారు. 2010లో ఫలితం వచ్చింది. చూపుడు వేలు పొడవున్నవాళ్లలో ముప్పు 33 శాతం తక్కువగా కనిపించింది. తల్లి కడుపులో ఉండగా బిడ్డకు టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను ఎంత తగిలిందో దాన్నిబట్టి ఈ రెండు వేళ్ల పొడవులో తేడా వస్తుందని, తక్కువ తగిలితే చూపుడు వేలు పొడవవుతుందని వాళ్ల ఆలోచన. వేళ్ల ఎదుగుదలను, జననేంద్రియాల ఎదుగుదలను నడిపేవి కూడా హాక్స్ అనే ఒకే జన్యువుల గుంపు. ప్రోస్టేట్ క్యాన్సర్ టెస్టోస్టిరాన్ మీదే బతుకుతుంది, నాన్నకు ఇచ్చే ఇంజెక్షన్ దాన్ని ఆపడానికే.

కానీ మీరు గమనించాల్సింది ఇది: ఆ పరిశీలనలో సగం మందికి పైగా మగవాళ్లకు ఉన్నది మీలాంటి చెయ్యే, ఉంగరపు వేలే పొడవు. అంటే మీది మామూలు చెయ్యి. రెండో రకం వాళ్లకు ముప్పు కొంత తగ్గిందన్నారు, మీకు జబ్బు రాసిపెట్టి ఉందని ఎవరూ అనలేదు. పైగా వేళ్లను స్కేలుతో కొలవలేదు, బొమ్మలు చూపించి మీ చెయ్యి దేనిలా ఉందని అడిగారు. వేల మందిని కలిపి చూసినప్పుడు కనిపించే తేడా అది, ఒక్క మనిషి చెయ్యి పట్టుకుని చెప్పే జాతకం కాదు. తగ్గిన ముప్పు వైపు ఉన్న మా నాన్నకే వచ్చింది కదా.

అందుకని వేళ్లు వదిలేసి ఇంట్లో అడగండి. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే ముప్పు రెండింతలకు పైనే. అమ్మ వైపు రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఉన్నాయేమో కూడా కనుక్కోండి, ఈ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ2 జన్యువులో లోపం ఉంటే అది మగపిల్లలకూ రావచ్చు. అలాంటిదేమైనా ఉంటే పీఎస్‌ఏ ఎప్పుడు చేయించాలో ఇప్పుడే డాక్టరుతో మాట్లాడండి. లేకపోతే 50 దగ్గర పడ్డాక మాట్లాడినా సరిపోతుంది. పీఎస్‌ఏ పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ధార సన్నబడినా, మూత్రంలో రక్తం కనిపించినా మాత్రం వయసు చూడకుండా వెళ్లండి. మా ఉద్దానం వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, క్రియాటినిన్ బాగుందని అక్కడితో ఆగిపోకండి.

నాకు 45. మొన్న నేనూ పీఎస్‌ఏ చేయించుకున్నాను, 1.1 వచ్చింది. నా ఉంగరపు వేలూ పొడవే, చేయించుకున్నది మాత్రం నాన్నకు ఉందని. మీ నాన్నగారి ఆరోగ్యం గురించి మీరేమీ రాయలేదు. ఆయన్ని అడిగి ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.