జూనియర్ కాలేజీలో విద్యార్థులే అతిథి ప్రసంగాలు పెట్టుకోవాలంటే ఎవరిని పిలవాలి, ఎలా నడపాలి?

మీది కోనసీమలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ, ఇంటర్ రెండో ఏడాది పిల్లలు ఐదారుగురు కలిసి నెలకొకరిని పిలిచి మాట్లాడించాలనుకుంటున్నారు, చేతిలో డబ్బు లేదు, పెద్దవాళ్లెవరితోనూ పరిచయాలు లేవు అని రాశారు. నేను అమలాపురం దగ్గర ఇంటర్ చదివిన రోజుల్లో మా బృందం చేసిందీ ఇదే. ఇప్పటికీ అక్కడి పిల్లలు కబురు చేస్తే వెళ్లి సాయం చేస్తుంటాను.

ముందుగా కలెక్టర్‌నో ఎమ్మెల్యేనో పిలవాలన్న ఆలోచన మానుకోండి. వాళ్లు వస్తే సభ మీ చేతుల్లో ఉండదు. వేదిక మీద వరుసగా కుర్చీలు పడతాయి. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అంటూ ఒక్కొక్కరినీ వేదిక నలంకరించమని పిలిచేసరికే పావుగంట గడుస్తుంది. శాలువాలు, దండలు, ఫొటోలు అయ్యేసరికి వెనక వరుసలు ఖాళీ. మిగిలిన కాసేపట్లో కష్టపడి చదవండి, కన్నవాళ్లకు పేరు తెండి అని చెప్పి వెళ్లిపోతారు. ఆ మాట చెప్పడానికి మన ఇళ్లలో అమ్మమ్మలున్నారు.

మా దగ్గర అందరికీ గుర్తుండిపోయిన ప్రసంగం కాలువ మీద లస్కరుగా, అంటే గేట్లు ఎత్తి దించుతూ నీటిని చూసుకునే ఉద్యోగిగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనది. మొదట రానన్నాడు. “నేను చదివింది ఐదో తరగతి బాబూ, కాలేజీ పిల్లలకు నేనేం చెబుతాను?” అన్నాడు. మా వాళ్లు వాదించకుండా, ముందే రాసుకెళ్లిన ప్రశ్నల కాగితం తీసి చదివారు. వంతులవారీగా నీళ్లివ్వాలని ఎవరు నిర్ణయిస్తారు? లాకుల దగ్గర పడవను పై నీటి నుంచి కింది నీటికి ఎలా దించేవారు? రాత్రిపూట గేటు ఎత్తమని కబురొస్తే ఏం చేసేవారు? మూడో ప్రశ్న పూర్తికాకముందే ఆయన అరుగు మీద కూర్చుని జవాబు మొదలుపెట్టేశాడు. ఇక రానని అనలేదు.

ఆ రోజు ఆయన మైకు వద్దని సుద్దముక్క అడిగాడు. బోర్డు మీద ధవళేశ్వరం దగ్గర గోదావరి గీసి, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని బ్యారేజీ నాలుగు భాగాలకూ పేర్లు పెట్టాడు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు ఎక్కడ విడిపోతాయో చూపించాడు. కాటన్ దొర 1847లో పని మొదలుపెట్టి 1852కు ఆనకట్ట పూర్తి చేశాడని మాకు పుస్తకంలో ఉంది. ఆ నీరు మా పొలం పక్క బోదెలోకి, అంటే చిన్న పిల్లకాలువలోకి వచ్చేదాకా ఎన్ని చేతులు మారుతుందో మాత్రం అప్పుడే తెలిసింది.

తరవాత గోదావరి పాయల మధ్యనుండే లంక గ్రామం నుంచి వచ్చే ఒక అమ్మాయి ప్రశ్న వచ్చింది. “మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెప్పాక మా లంకకు నీరు రావడానికి ఎంతసేపు పడుతుంది?” ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం కొలిచే గేజి 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని బోర్డు మీద రాసి, “సముద్రం పోటు మీదుందా, పాటు మీదుందా, అది ముందు చూడాలి తల్లీ” అన్నాడు. పోటు మీదుంటే దిగువన నీరు త్వరగా లాగదు, లంకల్లో నిలుస్తుంది. అక్కడి నుంచి 1986 ఆగస్టు వరదకు వెళ్లాడు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. ఏటిగట్టు మీద లాంతర్లతో కాపలా కాస్తూ, ఎక్కడ నీరు ఊరుతోందో కాళ్లతో తడిమి చూసేవాళ్లమని చెప్పాడు. మా ఫిజిక్స్ లెక్చరర్ వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకున్నారు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: ప్రశ్నలు ముందు, వక్త తరవాత. వారం ముందు ప్రతి సెక్షన్‌లో ఒక అట్టపెట్టె పెట్టండి. చీటీ మీద పేరు రాయనక్కర్లేదని చెప్పండి. లేచి నిలబడి అడగమంటే తలదించుకునే అమ్మాయిలవే చాలాసార్లు మంచి ప్రశ్నలు. చీటీలన్నీ పోగేసి పది ప్రశ్నలు ఏరి, రెండు రోజుల ముందే వక్తకు ఇవ్వండి. సగం సమయం ఆయన మాటకు, సగం మీ ప్రశ్నలకు అని అప్పుడే చెప్పేయండి. మైకు ఎప్పుడూ విద్యార్థి చేతిలోనే ఉండాలి. లెక్చరర్ల చేతికి వెళ్లిందంటే తిరిగి రాదు.

ఎవరిని పిలవాలన్నదానికి మన డెల్టాలో కొరత లేదు. మార్టేరు వరి పరిశోధనా స్థానం దగ్గరే ఉంది. మనం స్వర్ణ అని పిలుచుకునే ఎంటీయూ 7029 అక్కడ పుట్టి 1982లో విడుదలైంది. అక్కడి నుంచి శాస్త్రవేత్త ఎవరైనా వస్తామంటే, పిల్లలను ఇంటి నుంచి గుప్పెడు ధాన్యం తెమ్మనండి, సంభాషణ దానంతటదే నడుస్తుంది. పాశర్లపూడిలో 1995లో గ్యాస్ బావి 65 రోజులు మండింది. అది కళ్లారా చూసినవాళ్లు ఇంకా చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. ఇప్పటి పిల్లలకు అది వినికిడి మాత్రమే.

నరసాపురం వైపు నుంచి లేసు అల్లే ఒకావిడ పంటు మీద రేవు దాటి మా కాలేజీకి వచ్చింది. నూలు ఏజెంటు ఇస్తాడు, అల్లినదానికి లెక్కకట్టి కూలి ఇస్తాడు అని చెబుతుంటే, ఏజెంటు లేకుండా మీరే అమ్ముకోవచ్చు కదా అని ఒకడు అడిగాడు. “అమ్మొచ్చు నాయనా. డబ్బులు చేతికొచ్చేదాకా నూలు ఎవరు కొంటారు?” అంది. నిర్వహణ మూలధనం, అంటే వ్యాపారం రోజూ నడవడానికి చేతిలో ఉండాల్సిన డబ్బు గురించి కామర్స్ లెక్చరర్ ఆ తరవాత ఎంత చెప్పినా, ఆ ఒక్క మాటంత బాగా మాకు ఎక్కలేదు.

ఊరు వదిలి ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులు కావాలంటే సంక్రాంతిని మించిన అదను లేదు. ఎక్కడెక్కడివాళ్లూ కనుమ నాడు ఊళ్ల ప్రభలన్నీ ఒకచోట చేరే ప్రభల తీర్థానికి దిగుతారు. అప్పుడు కాలేజీకి సెలవులు కాబట్టి ఊరి గ్రంథాలయంలోనో కల్యాణ మండపంలోనో పెట్టుకోండి. కనుమ నాడు మాత్రం వద్దు, ఎవరూ రారు.

అనుమతి కోసం ప్రిన్సిపాల్‌కు తేదీ, విషయం, వక్త వివరాలతో ఒక పేజీ ఉత్తరం ఇచ్చి, కాపీ మీద సంతకం చేయించుకోండి. శనివారం చివరి రెండు పీరియడ్లు అనువుగా ఉంటాయి. ఊళ్లకు వెళ్లే బస్సు వేళకు పావుగంట ముందే ముగించాలి, లేదంటే వక్త మాట్లాడుతుండగానే సంచులు సర్దుకుంటారు. ఫిబ్రవరి, మార్చిల్లో ప్రాక్టికల్స్, పరీక్షలు ఉంటాయి, కాబట్టి జనవరి తరవాత ఏమీ పెట్టుకోకండి. వచ్చినవారికి ఆటో ఖర్చు ఇచ్చి, ఒక చిన్న అరటి గెలో ఆత్రేయపురం పూతరేకుల పొట్లమో చేతిలో పెడితే చాలు.

ఒక్క జాగ్రత్త. “కెరీర్ గైడెన్స్ ఉచితంగా చెబుతాం” అంటూ తమంతట తామే వచ్చేవాళ్లుంటారు. మా కాలేజీకి అలా వచ్చిన ఒక ప్రైవేటు విద్యాసంస్థ ప్రతినిధి గంటసేపు తన ర్యాంకుల పోస్టరు చూపించి, చివర్లో పిల్లల ఫోను నంబర్లు రాయించుకుని పోయాడు. నెలంతా తల్లిదండ్రులకు ఫోన్లే ఫోన్లు. కరపత్రాలు పంచకూడదు, నంబర్లు అడగకూడదు అని ఆహ్వానంలోనే రాయండి. అలాంటివాళ్లు ఆ రెండు వాక్యాలు చూసి వాళ్లే మానేస్తారు.

పరీక్షలు రాసి మీరు వెళ్లిపోతారు కనుక డిసెంబరుకల్లా మొదటి ఏడాది వాళ్లను ఇద్దరు ముగ్గురిని కలుపుకోండి. ఎవరు వచ్చారు, ఏ ప్రశ్నకు ఉత్సాహంగా మాట్లాడారు, ఎవరిని మళ్లీ పిలవనక్కర్లేదు అని ఒక నోటుపుస్తకంలో రాసి వాళ్లకు అప్పగించండి. వక్తల నంబర్లు మాత్రం వాళ్లనడిగాకే అందులో రాయండి.